ముళ్ళకోనలో మూడో పిలుపు

ఇంతవరకూ రాజమందిరాల్లోనూ ఉద్యానవనాల్లోనూ సుఖంగా తిరిగిన మన కథ ఇప్పుడు చెప్పుల్లేకుండా కొండ ఎక్కవలసి వచ్చింది. ఎక్కుతున్నవాళ్ళు ఇద్దరు. ముందు నడుస్తున్నవాడు అశ్వగిరి యువరాజు మణికేతుడు. వేసింది గొర్రెలకాపరి వేషమే గాని పుట్టుకతో వచ్చిన ఠీవి ఎక్కడికి పోతుంది, నాలుగడుగులకోసారి బయటపడుతూనే ఉంది. వెనక నడుస్తున్నవాడు అతని అంగరక్షకుడు శరభుడు, దత్తదండుకు దళపతి.

దత్తదండు అంటే అశ్వగిరిలో పసిపిల్లలు కూడా చేతులు జోడిస్తారు. పాతరాజుగారు కరువు రోజుల్లో మూడు వందల మంది అనాథ పిల్లల్ని చేరదీసి, సొంత బిడ్డల్లా పెంచి, కత్తులు చేతికిచ్చి చేసిన దండు అది. వాళ్ళకు అమ్మా అయ్యా లేరు, ఇల్లూ వాకిలీ లేవు, చెప్పుకోవడానికి ఊరు లేదు. ఉన్నదల్లా సింహాసనం ఒక్కటే. ముప్పై ఏళ్ళ శరభుడు ఆ కథను చిన్నప్పటినుంచి వింటున్నాడు, ఎవరైనా అడిగితే గర్వంగా చెబుతాడు కూడా.

అన్నిటినీ అనుమానించే శరభుడు ఆ ఒక్క కథను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. లేకపోతే అతని అనుమానం మామూలుదా? పాలలో నీళ్ళు కలిపారేమోనని అందరూ అడుగుతారు, ఈ మహానుభావుడు నీళ్ళలో పాలెందుకు కలిపారని అడిగే రకం. ఆ ఉదయం అతనికి కొండ మీదే అనుమానం వచ్చింది. పైన ఊరుందని చెప్పారు. ఊరుంటే పొగ ఏది? కుక్క మొరగదేం? కోడి కూయదేం?

ఆ మాట చెబితే మణికేతుడు నవ్వి, నీకు నీ నీడ మీద కూడా అనుమానమే శరభా, అన్నాడు. నీడ కూడా మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళ కిందికి దూరి దాక్కుంటుంది కదా ప్రభూ, అన్నాడు శరభుడు.

ఇంత కష్టపడి వాళ్ళు ఆ కొండ ఎందుకు ఎక్కుతున్నారంటే, తామ్రపురి రాజు కరాళవర్మ అయిదు వేల తుపాకులతో అశ్వగిరి మీదికి బయలుదేరాడు. ఎనిమిది రోజుల్లో తోడేలు కనుమ చేరతాడని వేగులు చెప్పారు. కనుమకు కాపలా ఎవరు? దత్తదండు. మూడు వందల కత్తులు. తుపాకి ముందు కత్తి ఎంతసేపు నిలుస్తుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. ముళ్ళకోనలో బూడిదవ్వ అనే మంత్రగత్తె ఉందనీ, ఆమె గుప్పెడు నల్లబూడిద పోసి నిప్పు ముట్టిస్తే పర్వతం బద్దలవుతుందనీ ప్రతీతి. ఆ బూడిద తెచ్చి కనుమ మీది బండను శత్రువుల నెత్తిన కూలిస్తే మూడు వందల ప్రాణాలు నిలుస్తాయి, లేకపోతే లేదు. మణికేతుడు రాజ్యం కోసం ఎక్కుతున్నాడు. శరభుడికి ఆ మూడు వందల మందే అన్నదమ్ములూ ఇల్లూ వాకిలీ కాబట్టి వాళ్ళ కోసం ఎక్కుతున్నాడు. శత్రువుల కంట పడకుండా అడవులన్నీ చుట్టి రావడంతో అప్పటికే ఏడు రోజులు గడిచిపోయాయి.

ఈ రాజ్యాలన్నీ ఉన్న నాగఖండం ఇలా ఎందుకు తగలడిందో కూడా ఇక్కడే చెప్పేసి ముందుకు పోదాం. నూరేళ్ళ కిందట నురగరేవులో తెల్లతెరచాపల ఓడలు ఆగాయి. ఓడదొరలకు ముత్యాలు వద్దు, మిరియాలు వద్దు, మనుషులు కావాలి. మనుషుల్ని తెచ్చినవాడికి తుపాకులిస్తారు. తుపాకి పుచ్చుకున్న రాజు పక్కరాజ్యం మీద పడి మనుషుల్ని పట్టుకొచ్చాడు. పక్కరాజు తనవాళ్ళను కాపాడుకోవాలంటే తనకూ తుపాకి కావాలన్నాడు, దానికోసం అతనూ మనుషుల్ని పట్టవలసి వచ్చింది. తుపాకి వచ్చింది సరే, అందులో కూరే మందు మళ్ళీ దొరల దగ్గరే ఉంది, కనుక మళ్ళీ పట్టవలసి వచ్చింది. నాగళ్ళు చేసే కమ్మరి సంకెళ్ళు చేశాడు. మేనమామ మేనల్లుణ్ణి అమ్మాడు. పల్లపు పొలాలు బీడుపడి, చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు కొండలెక్కి చుట్టూ ముళ్ళు పెంచుకున్నారు. అశ్వగిరి ఒక్కటే మనిషిని అమ్మలేదు, తుపాకి ముట్టలేదు. ఈ మాట చెప్పేటప్పుడల్లా మణికేతుడి ఛాతీ బెత్తెడు పొంగేది.

ఎండ నడినెత్తికి రాకముందే ముళ్ళకంచె ఎదురైంది. ఆహా, ఏం కంచె అది! కలేముళ్ళూ గచ్చపొదలూ నాగజెముడూ పెనవేసుకుని ఏనుగెత్తున లేచాయి. వాటి మీద పసుపుపచ్చని పూలు, పూల మీద నీలిరెక్కల తుమ్మెదలు, తుమ్మెదల మధ్య ఎండకు తళతళలాడే సాలెగూళ్ళు. వనలక్ష్మి పట్టుచీర ఆరవేసుకున్నట్టుంది. మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి పాములా వంకరలు తిరుగుతూ లోపలికి పోయింది. ఆ దారిలో అడుగు పెట్టారో లేదో ఎక్కడినుంచో ఆడగొంతు ఒకటి తీయగా పిలిచింది.

"సోమన్నా, వచ్చావా?"

ఏడు రోజుల తరవాత విన్న మూడో మనిషి గొంతు. మణికేతుడికి ప్రాణం లేచివచ్చింది. సోమన్న ఎవడైతేనేం, పలికితే దారి చూపిస్తారుగదా అనుకుని, ఆఁ, వచ్చాం తల్లీ, అని కేక పెట్టాడు.

ఆ కేక పూర్తికాలేదు. పొదల్లోంచి ముళ్ళు దిగగొట్టిన దుంగ ఒకటి ఊగుతూ వచ్చింది. శరభుడు యువరాజును మెడ పట్టుకుని నేలకేసి అదిమాడు. దుంగ వాళ్ళ తలల మీదుగా పోయి అవతలి బండకు కొట్టుకుని, అంతే వేగంతో వెనక్కి వచ్చింది. లేవబోతే పైనుంచి వల పడింది. వల నిండా ముళ్ళే. కదిలినకొద్దీ దిగుతున్నాయి. రెండో పిలుపు వినిపించింది, అదే పేరు, అదే తీయదనం. ఈసారి యువరాజు నోరు మూసుకున్నాడు. తరవాత మూడో పిలుపు. అప్పుడు శరభుడి నోట్లోంచి, అతని ప్రమేయం లేకుండానే, ఊఁ అనే మాట వచ్చింది.

ఇది అతనికి చిన్నప్పటి జబ్బు. ఎవరు పిలిచినా మొదటిసారి పలకడు. కోటలో అందుకు కొరడాదెబ్బలు కూడా తిన్నాడు. వైద్యులు చెవుల్లో నూనె పోశారు. చివరికి అందరూ విసిగి, శరభుణ్ణి పిలవాలంటే మూడుసార్లు పిలవాలి, మహారాజుగారు కూడా అంతే, అని పరిహాసమాడి వదిలేశారు.

పొదల్లో గుసగుసలు లేచి అంతలోనే ఆగిపోయాయి. విల్లంబులు పట్టిన మగవాళ్ళు, మందు కూరిన కుండలు పట్టిన ఆడవాళ్ళు బయటికి వచ్చారు. యువరాజు చేతులు విరిచికట్టారు. శరభుణ్ణి మాత్రం కట్టకుండా చుట్టూ నిలబడి, పశువుల సంతలో కోడెను చూసినట్టు ఎగాదిగా చూశారు. తనను ఎందుకు కట్టలేదో అర్థంకాక శరభుడికి భయం రెట్టింపయింది.

ఊరు లోపల ఇళ్ళకు తలుపులు మోకాలెత్తున ఉన్నాయి. వచ్చినవాడు ఎవడైనా తల ముందు పెట్టి పాకాలి. లోపల ఒకరు రోకలి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంటారు. తెలిసిన తలైతే రోకలి దించుతారు, తెలియని తలైతే దాని మీదే దించుతారు. పొయ్యిల పొగ గొట్టాల్లోంచి గుహల్లోకి పోతుంది. కుక్కల్ని పెంచరు. ఎవరూ ఎవరి పేరూ అడగరు. రక్షణ బాగుందని మణికేతుడు మెచ్చుకోబోతే, బాగుండక చస్తామా, అని ఒక ముసలాయన ముఖం తిప్పుకున్నాడు.

ఒక అరుగు మీద ఒక తల్లి కూర్చుంది. ఆమెకు ఎదురుగా, వీపు తిప్పి, మూడేళ్ళ పిల్ల. తల్లి మెల్లగా పిలిచింది. పిల్ల చప్పున తిరిగింది. తల్లి చెవి మీద ఒక్క చిటికె వేసి మళ్ళీ అటు తిప్పింది. మళ్ళీ పిలిచింది. పిల్ల భుజాలు బిగించుకుని కదలకుండా కూర్చుంది. రెండోసారి పిలిచినా కదలలేదు. మూడోసారి పిలవగానే తిరిగి ఒళ్ళోకి దూకింది. తల్లి దాన్ని ముద్దులతో ముంచెత్తింది.

శరభుడి చెవి తమ్మె చుర్రుమంది. అడుగు ముందుకు పడలేదు. అదేం ఆట అని పక్కనున్న ముసలాయన్ను అడిగాడు. ఆట కాదయ్యా, అన్నాడతను. "మొదటి పిలుపు దొంగది, రెండోది గాలిది, మూడోది మనవాళ్ళది. పిల్లల్ని పట్టేవాళ్ళు ఏదో ఒక పేరు పెట్టి పిలుస్తారు. పలికిన ఇంట్లో దూరతారు. వాళ్ళకు మూడుసార్లు పిలిచే ఓపిక ఉండదు."

శరభుడు చెవి తమ్మె తడుముకుంటూ నడిచాడు.

బూడిదవ్వ గబ్బిలాల గుహలో ఉంది. మంత్రగత్తె అంటే పుర్రెలూ ఎముకలూ ఊహించుకున్న మణికేతుడికి అక్కడ కనిపించినవి కుండలు. గుహలోని మట్టిని నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, కాచి, తెల్లని పలుకులు తీస్తున్నారు పదిమంది ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య పొట్టిగా, కనుబొమలు కాలిపోయిన ముసలామె. యువరాజు మోకరిల్లి, మహామాయావినీ అని స్తోత్రం అందుకోబోతే ఆమె గరిటె చూపించింది.

"మాయా లేదు, మన్నూ లేదు. గబ్బిలాల పెంటలోంచి సురేకారం, ఎర్రకొండ మీది గంధకం, జిల్లేడు బొగ్గు. దొరల మందుకొట్లో పన్నెండేళ్ళు చాకిరీ చేస్తే ఎవత్తెకైనా వస్తుంది ఈ మంత్రం."

మణికేతుడు తన బాధంతా చెప్పుకున్నాడు. బాగానే చెప్పాడు, కాదనలేం. ఎవరినీ అమ్మని రాజ్యం ఒక్కటి మిగిలిందనీ, అది కూడా కూలిపోతే నాగఖండంలో ఇక తలదాచుకోవడానికి చోటుండదనీ కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. అవ్వ ఓపిగ్గా విని, అతనికి జవాబు చెప్పకుండా శరభుడి వైపు తిరిగింది. మూడో పిలుపుకు పలికింది నువ్వేనా, అని అడిగింది. నేనే, అన్నాడు. అశ్వగిరికి ఎలా వచ్చావంది. కరువులో పాతరాజుగారు చేరదీశారన్నాడు.

"ఏ కరువు?"

ఏ కరువని ఇన్నేళ్ళలో శరభుణ్ణి ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు.

"ఇరవై నాలుగేళ్ళ కిందట ఈ కొండ మీద జొన్న విరగపండింది నాయనా. కోతల రోజున తామ్రపురి గుర్రాల దండు వచ్చిపడింది. పెద్దవాళ్ళు పొలాల్లో ఉన్నారు. నూట పది మంది పిల్లల్ని ఎత్తుకుపోయారు. అప్పటిదాకా తామ్రపురికి గుర్రాలు లేవు. అవి ఎక్కడివో నీ దొరను అడుగు."

శరభుడు అడగలేదు, యువరాజు ముఖంలోకి చూశాడంతే. పులి ఎదురైనా సూటిగా చూసే ఆ కళ్ళు ఇప్పుడు నేల చూస్తున్నాయి. ఇక దాచి లాభం లేదని తెలిశాక మణికేతుడు మెల్లగా ఒప్పుకున్నాడు. పాతరాజు మీద సొంత తమ్ముళ్ళే రెండుసార్లు కత్తి దూశారు. అందుకని ఆయనకు తల్లీ ఊరూ బంధువులూ లేని సైనికులు కావలసి వచ్చారు. తామ్రపురికి గుర్రాలిచ్చి పిల్లల్ని తీసుకున్నాడు. గుర్రానికి ఇద్దరు. ఈ సంగతి పట్టాభిషేకానికి ముందు యువరాజులకు చెబుతారు, ఇతనికి కిందటేడు చెప్పారు.

"మేము ఎవరినీ అమ్మలేదు శరభా," అన్నాడు చివరికి.

"నిజమే ప్రభూ. కొన్నారు."

శరభుడికి దుఃఖం వచ్చింది. కోపం కూడా వచ్చింది గాని దుఃఖమే ముందు వచ్చింది. అవ్వా, ఆ తల్లుల్లో నా తల్లి ఎవరని అడిగాడు. ఆమె చాలాసేపు అతని ముఖం వెతికింది. "తెలియదయ్యా. తెలుసని అబద్ధమాడితే నీ మనసు చల్లబడుతుంది, కాని ఆడను. వాళ్ళలో సగంమంది పోయారు. మిగతా సగంమంది నిన్ను చూస్తే అందరూ నా బిడ్డే అంటారు." అని, మందు మాత్రం ఇవ్వనని తేల్చేసింది. కరాళవర్మ దండులో ముందు వరస ఎవరనుకున్నావు, అతను అమ్మకుండా అట్టేపెట్టుకున్న మా కొండల పిల్లలే, బండ కూలితే ముందు నలిగేది వాళ్ళే, అంది.

అంతలో కాపలావాడు పరుగెత్తుకుంటూ వచ్చి, కంచె కింద ఏడుగురు తామ్రపురి తుపాకులవాళ్ళు ఉన్నారనీ, వీళ్ళిద్దరి అడుగుజాడలు పట్టుకునే వచ్చారనీ చెప్పాడు. ఇక చూడాలి! శత్రువులకు దారి చూపించడానికే వచ్చాడు, తోసెయ్యండంటూ నలుగురు మణికేతుణ్ణి లోయ అంచుకు ఈడ్చారు. ఆడవాళ్ళు మందుకుండలకు వత్తులు పెట్టి అంచుకు పరుగెత్తారు. శరభుడు వాళ్ళను తోసుకుంటూ ముందుకు పోయి కిందికి తొంగిచూశాడు.

ఏడుగురూ దారి వదిలి నిట్టనిలువు బండ ఎక్కుతున్నారు. వీపున తుపాకి, మణికట్టుకు తుపాకి పేల్చడానికి వెలిగించిన వత్తి, ఒట్టికాళ్ళు. ముందు బొటనవేలు ఆనించి, రాయి నిలుస్తుందో లేదో చూసుకుని, ఆ తరవాతే మడమ వేస్తున్నారు. మైదానంవాళ్ళు అలా ఎక్కరు. శరభుడు అలాగే ఎక్కుతాడు. వీళ్ళకు ఆ నడక ఎవరు నేర్పారన్న అనుమానం పట్టుకుంది. ఒక్క క్షణం ఆగమని అవ్వను బతిమాలాడు.

"పిలిచి చూడు," అంది అవ్వ. "మొదటిసారికే పలికితే కుండలు వదులుతాం."

శరభుడు బండ అంచున పడుకుని, నోటికి చేతులు అడ్డం పెట్టి, సోమన్నా అని పిలిచాడు. ఏడుగురూ బండకు అతుక్కుపోయారు. ఎవరూ తల ఎత్తలేదు, ఎవరూ తుపాకి తీయలేదు. మళ్ళీ పిలిచాడు. గాలికి వత్తుల పొగ తప్ప ఏదీ కదల్లేదు. పక్కనున్న ఆడమనిషి చేతిలో కుండ వత్తి సగం కాలింది. ఆమె కుండ వైపు చూడడం లేదు, కిందికే చూస్తోంది. మూడోసారి పిలవడానికి శరభుడు రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

ఏడు తలలూ ఒక్కసారి పైకి లేచాయి.

ఆడమనిషి ఒట్టి వేళ్ళతో వత్తి నులిమి ఆర్పేసి, కుండ దించి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఎవరో మోకు వేశారు. పైకి వచ్చిన ఏడుగురికీ ఎడమ భుజం మీద తామ్రపురి వాతలున్నాయి. వాళ్ళ నాయకుడు ముందు పన్ను విరిగినవాడు. ఎందుకు తల ఎత్తామో తమకే తెలియదని తుపాకి దించకుండానే అన్నాడు. ఊరివాళ్ళూ విళ్ళు దించలేదు. అలా ఒకరినొకరు గురిచూసుకుంటూనే మాట్లాడుకున్నారు, నాగఖండంలో చుట్టరికాలు అలాగే ఉంటాయి మరి. బూడిదవ్వను పట్టితెమ్మని తమను పంపారనీ, ఎనిమిది రోజులన్నది వేగులకు వేసిన ఎర అనీ, ముందు వరస తోడేలు కనుమకు చేరిపోయిందనీ అతను చెప్పాడు.

"రెండు వేల మందిమి. అందరం వాతబిడ్డలమే, పిల్లలప్పుడు వాత వేసి పెంచినవాళ్ళం. దొరబిడ్డలు వెనక గుడారాల్లో ఉంటారు. పొద్దుగుంకగానే మీద పడమని ఉత్తరువు."

కొండ వెన్ను మీదుగా పోతే కనుమ ఆమడ దూరమే. లోయ అంచున కట్టుబడే ఉన్న మణికేతుడి ముఖం వెలిగింది. ఇంకా పొద్దుంది, మందు తీసుకో శరభా, ఇది రాజాజ్ఞ, అన్నాడు. విచిత్రమేమిటంటే, ఇవ్వనన్న అవ్వే రెండు కుండలు మోసుకొచ్చి శరభుడి కాళ్ళ దగ్గర పెట్టింది.

"నీ మూడు వందల మంది బతకాలంటే పట్టుకుపో. నేను అడ్డం రాను. బండ కింద ఎవరుంటారో ఇప్పుడు నీకు తెలుసుగా, అది చాలు."

శరభుడు కుండల వైపు చూశాడు. ఏనాటినుంచో ఒకే కంచంలో తిన్న మూడు వందల ముఖాలు కళ్ళముందు ఆడాయి. తుపాకులు పేలితే వాళ్ళు తెల్లారేదాకా ఉండరు. ఈ పన్ను విరిగినవాడు చెప్పింది నిజమో కాదో ఎవరికి తెలుసు? ఇది మరో ఎర కాదని నమ్మకమేమిటి? బండ కూలిస్తే అనుమానం తీరిపోతుంది. అటువాళ్ళు చస్తారు, ఇటువాళ్ళు బతుకుతారు. అతని చేయి కుండ దాకా పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"మందు వద్దవ్వా. నేనే పోయి రెండు వరసల మధ్యా నిలబడతాను. పిలుస్తాను. ఇటువాళ్ళూ అటువాళ్ళూ వింటారు."

"పిచ్చివాడా, నా రాజ్యం పోతుంది," అన్నాడు మణికేతుడు.

"పోతుందేమో ప్రభూ. మా వాళ్ళు మాత్రం ఇక మీకోసం మా వాళ్ళను చంపరు." అని అతని నడుముకున్న రాజముద్రిక తీసుకుని, తను తిరిగివచ్చేదాకా ఈయన్ను జాగ్రత్తగా చూసుకోమనీ, అన్నం పెట్టమనీ, మాట మాత్రం నమ్మవద్దనీ ఊరివాళ్ళకు అప్పగించాడు.

ఏడుగురూ అతనితో బయలుదేరారు. శరభుడు ముందు, వాళ్ళు వెనక. వత్తులు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, ఆర్పమని అతను అడగలేదు, వాళ్ళూ ఆర్పలేదు. వాళ్ళను నమ్మాడా అంటే నమ్మలేదు. వీపు మధ్యలో ఒకచోట చల్లగా ఉంది, గుండు వస్తే అక్కడే తగులుతుందని తెలుసు. అయినా వెనక్కి తిరగకుండా, రాళ్ళు దొర్లుతున్నా, ముళ్ళు గీరుతున్నా, కొండ వెన్ను పట్టుకుని పరుగెత్తాడు. ఎడమ పక్క లోయ, కుడి పక్క లోయ. ఒకడు జారితే ఇంకొకడు చేయి పట్టి లాగాడు. పొద్దు పడమటి కొండను తాకింది. ఇంకొక్క మలుపు తిరిగితే కనుమ.

ఆ మలుపు దగ్గర భేరీ మోగింది. మరుక్షణమే అవతలి వైపునా మోగింది. మొదటి దెబ్బ ఎటు పడినా పడేవాడు తనవాడే. శరభుడు రొమ్ము నిండా గాలి పీల్చుకుని, రెండు దండుల మధ్యకు దూకాడు.